పెట్టెలో వచ్చిన పథ్యము

52 ఏండ్ల వయస్సున, 165 సెంటీమీటర్ల యెత్తుమీద 84 కిలోల బరువును, 102 సెంటీమీటర్ల నడుమును మోయుచు, విజయనగరము గంటస్తంభము నుండి మూడు లాంతర్ల కూడలి వరకు నడచుటకే రెండుచోట్ల నిలువవలసి వచ్చిన దినమున, నేను వైద్యుని మాట వినుటకు నిశ్చయించుకొంటిని. ఆయన చెప్పినది పెద్ద రహస్యమేమియు కాదు. ‘తిండి తగ్గించవలె’నని మాత్రమే. కాని యెంత తినుచున్నానో తెలియనివానికి ఎంత తగ్గించవలెనో యెట్లు తెలియును? ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచునే, విశాఖపట్నమున వండి, కొలిచి, పెట్టెలలో పెట్టి, ప్రతిదినము ఇంటికి పంపెడి యొక సంస్థవారి భోజన పథకమునకు 28 దినముల రుసుము చెల్లించితిని. ఆ నెలలో నేను నేర్చినదియు, ఆ నెల గడచిన పిమ్మట పొరపాటుపడి తిరిగి నేర్చినదియు ఈ యధ్యాయమున చెప్పెదను.

మన యిండ్లలో ‘పథ్యము’ అను మాట పూర్వమునుండియు కలదు. జ్వరము తగ్గినవానికి మొదట జావ, పిదప చారన్నము, అటుపిమ్మట బీరకాయ కూర, ఈ క్రమమున కొన్ని దినములు గడిపి, ‘నేటితో పథ్యము విడిచినది’ అని పెద్దలు చెప్పిన నాడు అందరితో కలసి విస్తరిముందు కూర్చుండుట వాడుక. ఆ పథ్యమునకు ఆరంభ మెంత స్పష్టమో అంతమును అంత స్పష్టము. పెట్టెలో వచ్చు నేటి పథ్యమునకు ఆరంభము మాత్రమే యున్నది. అది యెప్పుడు, ఎట్లు ముగియవలెనో అమ్మువాడు చెప్పడు, కొనువాడు అడుగడు. నా యనుభవమున ఈ పద్ధతిలోని లోపములలో మొదటిది, పెద్దది ఇదియే.

బరువు హెచ్చుట మనవైపు ఇటీవలి వరకు లోపముగా నెంచబడలేదు. ‘ఒళ్ళు చేసినాడు’ అన్నచో అది యోగక్షేమ వార్త. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి ఆంధ్రప్రదేశమున స్త్రీలలో నూటికి 36 మంది, పురుషులలో 31 మంది అధిక బరువు గలవారు. దేశమంతటి సగటు చూడగా అది 24, 23 మాత్రమే. ఇంత వ్యత్యాసమునకు కారణము ఒక్కటి కాజాలదు కాని, మా జిల్లాల వరకు నాకు కండ్లారా కనిపించిన కారణ మొకటి కలదు. నా చిన్ననాట శ్రీకాకుళము, విజయనగరము పల్లెలలో కష్టజీవి ప్రొద్దుటి ఆహారము చోడి (రాగి) అంబలి. వరియన్నము పండుగకో, రాత్రికో పరిమితము. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము పథకము వచ్చినది. ఆకలితో నున్న యిండ్లకు అది సంజీవని యైనది, ఆ మేలును నేను మరువను. అయితే అన్నము ముప్పూటల ఆహారమైన కాలముననే నాగలి స్థానమున ట్రాక్టరు, సైకిలు స్థానమున మోటారుబండి వచ్చినవి. కంచములోని రాశి మాత్రము నాగలి పట్టినవానికి పెట్టిన రాశిగనే నిలిచిపోయినది. నరసన్నపేట ప్రాంతమున నుండు మా మేనత్త ఈ సంగతిని నాకంటె సూటిగా చెప్పినది: “ఒరే నాయనా, అంబలి తాగి పొలానికి ఎల్లినోళ్ళు ఎవులికీ పొట్ట రాలేదురా. అంబలి మానీసి బండెక్కినోళ్ళకే వొచ్చింది.”

ఇక పెట్టె సంగతి. ఉదయము పదకొండు గంటల ప్రాంతమున, మంచుగడ్డలు పేర్చిన థర్మకోల్ డబ్బాలో మూడు చిన్న పెట్టెలు వచ్చెడివి: మధ్యాహ్నమునకు, రాత్రికి, మరునాటి ఉదయమునకు. ప్రతి మూతమీదను కేలరీలు, మాంసకృత్తులు, క్రొవ్వు, పిండిపదార్థములు అచ్చువేసి యుండెను. దినమునకు మొత్తము 1,250 కేలరీలకు మించదు. మొదటినాడు డబ్బాను అందించిన కుర్రవాడు దానిని చేతితో తూచి చూచి, “మేస్టారూ, ఇదేటండీ ఇంత తేలిగ్గా ఉంది? ఇది మా పాపకి సరిపోద్ది గానీ మీకేటి సరిపోద్ది?” అనెను. నాకును అట్లే తోచినది. మూత తీసి చూడగా ఒక మూల పిడికెడు కొర్రన్నము, దాని ప్రక్కన చిక్కని పప్పు, మూడవ గదిలో నూనె కంటికి కానరాని బీన్స్ కూర, నాలుగవ దానిలో కీరాదోస ముక్కలు ఉండెను.

అప్పుడు నాకొక యాలోచన కలిగినది; ఆ నెలలో నేను చేసిన వివేకపు పని అదియొక్కటే యని యిప్పటికిని అనుకొందును. వంటయింటిలోని చిన్న త్రాసును తెచ్చి పెట్టెలోని పదార్థములను వేర్వేరుగా తూచితిని. అన్నము 120 గ్రాములు, పప్పు 90, కూర 130, ముక్కలు 70. పిమ్మట నా భార్యను పిలిచి, నాకు ప్రతిదినము వడ్డించునట్లే కంచములో అన్నము వడ్డింపుమని చెప్పి, ఆ కంచమును తూచితిని. కంచపు బరువు తీసివేయగా అన్నమే 420 గ్రాములు తేలినది. ఆమె త్రాసును, నన్ను మార్చిమార్చి చూచి, “రోజూ మీరు రెండోసారి వడ్డించుకునేది ఇందులో లేదండీ” అనెను.

ఆ లెక్కను పాఠకులు కొంచెము ఓపికతో చూడవలెను, ఏలయన తక్కిన దంతయు దీనిమీదనే ఆధారపడియున్నది. వండిన వరియన్నము 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు. నా కంచములోని అన్నమునకు, పెట్టెలోని అన్నమునకు 300 గ్రాముల తేడా. అనగా పూటకు 390, రెండుపూటలకు 780 కేలరీలు. మన శరీరములో నొక కిలో క్రొవ్వు కరుగవలెనన్న రమారమి 7,700 కేలరీల లోటు కావలెనని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. 28 దినములకు అన్నములోని తేడా యొక్కటియే 21,840 కేలరీలు. అది దాదాపు 2.8 కిలోలకు సమానము. ఆ నెల చివర నా బరువు 80.5 కిలోలు, అనగా తగ్గినది 3.5. పెట్టెలో నేదో మహత్తు గలదని నమ్మి డబ్బు చెల్లించిన నాకు, తగ్గిన బరువులో అధికభాగము కేవలము అన్నపు గరిటె లెక్కయేయని ఆ త్రాసు చూపినది.

తొలివారమున ఎవ్వరును మోసపోరాదు. మొదటి ఏడు దినములలో నేను 1.8 కిలోలు తగ్గితిని. పొంగిపోయి బంధువులకెల్ల ఫోనులు చేసితిని. మన కాలేయములోను కండరములలోను గ్లైకోజెన్ అను రూపమున పిండిపదార్థము నిలువయుండును. దానిలోని ప్రతి గ్రాముతోపాటు సుమారు మూడు గ్రాముల నీరు నిలిచియుండును. అన్నము తగ్గగానే ఆ నిలువ ఖర్చై, దానితో నీరును పోవును. కనుక తొలివారపు తగ్గుదలలో అధికభాగము నీరే. రెండవవారమున అరకిలోయే తగ్గుట చూచి, ‘పథకము పనిచేయుట మానినది’ అని విడిచిపెట్టువారు పెక్కుమంది. అది మానలేదు, నిజముగా అప్పుడే మొదలైనది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు వారమునకు అరకిలో తగ్గుటయే క్షేమకరమని చెప్పుచున్నారు.

పెట్టె తెచ్చు దుఃఖ మొకటి కలదు. మూడవవారమున నొకనాటి రాత్రి, మాయింట పనసపొట్టు కూర ఆవపెట్టి వండినారు. ఆ ఆవ ఘాటు వీధి గుమ్మమువరకు వచ్చుచుండగా, నేను బల్లకొక మూల కూర్చుండి ప్లాస్టిక్ పెట్టెలోని చల్లని పనీరు ముక్కలను వేడిచేసుకొని తినుచుంటిని. నా భార్య కూర గిన్నెను బల్లమీద పెట్టి, “ఏవండీ, ముప్ఫై ఏళ్ళు వండిపెట్టాను. నా వంట తినే మీరిలా అయ్యారనుకోవాలా?” అని అడిగెను. నేనేమియు చెప్పలేకపోతిని. బరువు తగ్గుటకు మొదట కూడదీసికొనవలసినది వంటచేయువారి మనస్సు. వారిని ప్రక్కకు నెట్టి చేసిన పథ్యము వారి చేతికి తిరిగివచ్చిన నాడు నిలువదు.

కొనుటకు ముందు చూడవలసిన విషయములు కొన్ని గలవు. పెట్టెమీద 14 అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. లైసెన్సు సంఖ్య యుండవలెను. అది లేని వంటను ఇంటిలోనికి రానీయరాదు. సోడియము ఎంతయో చదువవలెను. నిలువయుంచు పెట్టెలలో ఉప్పు హెచ్చుగా నుండుట సర్వసాధారణము. దినమునకు మనకు తగిన ఉప్పు 5 గ్రాములకు లోపు, అనగా సోడియము 2,000 మిల్లీగ్రాములు. పెట్టె మీది సోడియపు అంకెను రెండున్నరతో గుణించినచో ఉప్పు లెక్క తెలియును. చల్లగా రావలసినది చల్లగాను, వేడిగా రావలసినది వేడిగాను చేరుచున్నదా యని చూడవలెను. విశాఖ నుండి విజయనగరము 60 కిలోమీటర్ల దూరమే యైనను, ఎండ తీవ్రముగా నున్న నాడు మంచు కరిగి పప్పు పులిసిపోయిన పెట్టె యొకటి నాకు వచ్చినది. రుచి చూచి ఉమ్మివేసి, ఆనాటికి మజ్జిగతో సరిపెట్టుకొంటిని. ‘డబ్బిచ్చితిమి కదా’ యని అట్టిదానిని తినుట కంటె తెలివితక్కువ పని లేదు.

ఇప్పుడు చెప్పబోవునది ఈ యధ్యాయమున నేను అన్నిటికంటె ఎక్కువ గట్టిగా చెప్పదలచిన మాట. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున, ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో, మూత్రపిండ వ్యాధి దశాబ్దములుగా ఇండ్లను కూల్చుచున్నది. మధుమేహము లేనివారికి, రక్తపోటు లేనివారికి సైతము అది వచ్చుచున్నది. కారణ మిదమిత్థమని నేటికిని తేలలేదు. 2023 డిసెంబరున పలాసలో 200 పడకల ఆసుపత్రిని, మూత్రపిండ పరిశోధన కేంద్రమును ప్రారంభించుట కూడ ఆ వేదన ఫలితమే. ఈ వ్యాధి తొలిదశలో రోగికి ఏ బాధయు తెలియనీయదు. బరువు తగ్గించు పెట్టెలలో పెక్కు ‘అధిక మాంసకృత్తుల’ పథకములు. వాటితోపాటు పొడులు, బిళ్ళలు అంటగట్టుటయు కలదు. దెబ్బతిన్న మూత్రపిండములకు అధిక మాంసకృత్తులు మరింత భారము. ఉద్దానమున పుట్టినవారు, అచ్చట పెరిగి విశాఖకో హైదరాబాదునకో పోయి స్థిరపడినవారు, ఆ యింట ఒక్కరికైనను ఈ వ్యాధి యున్నవారు, రక్తములో క్రియాటినిన్, మూత్రములో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకొనక ఇట్టి పథకమున చేరరాదు. పరీక్ష ఖర్చు పెట్టె ఖర్చులో నొకదినపు భాగమునకు అటునిటుగా నుండును. మధుమేహమునకు ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడువారు తిండి హఠాత్తుగా తగ్గించినచో చక్కెర పడిపోయి స్పృహ తప్పు ప్రమాదము కలదు గనుక, మందు మోతాదును వైద్యుడు ముందుగా సరిచేయవలెను. గర్భిణులకు, పాలిచ్చు తల్లులకు ఈ పెట్టెలు వలదు.

ఈ పద్ధతి ప్రపంచమునకు క్రొత్తది కాదు. అమెరికాలో న్యూట్రిసిస్టమ్ అను సంస్థ 1972 నుండియు నున్నది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున జెన్నీ క్రెయిగ్ దంపతుల సంస్థ, మనకు రెండు రూపాయల బియ్యము వచ్చిన ఆ 1983వ సంవత్సరముననే ఆరంభమైనది. నలుబది సంవత్సరములు నడచి, 2023 మే నెలలో అమెరికా, కెనడాలలోని తన కేంద్రములను మూసివేసినది. ఆ సంస్థ పద్ధతిమీద జరిగిన పరిశోధన యొకటి 2010లో ‘జామా’ అను వైద్యపత్రికలో వెలువడినది; సంస్థయే దానికి ధనమిచ్చినదని కూడ చెప్పుట న్యాయము. 442 మంది స్త్రీలకు రెండేండ్లపాటు జరిగిన ఆ పరిశోధనలో, పెట్టెభోజనము ఉచితముగా పొంది, వారము వారము కేంద్రములో సలహాదారుతో మాటలాడిన వారు మొదటియేట సగటున 10.1 కిలోలు తగ్గిరి. రెండవయేటి చివరకు ఆ తగ్గుదల 7.4 కిలోలకు దిగినది. సాధారణ సలహా మాత్రమే పొందినవారిది 2 కిలోలు. పెట్టె పనిచేయునని ఆ లెక్కలు చెప్పుచున్నవి. మంచి మాట చెప్పు మనిషి ప్రక్కనుండి, భోజనము ఉచితమై యుండగా సైతము పోయిన బరువులో కొంత తిరిగివచ్చినదనియు అవే చెప్పుచున్నవి. నాకు పెట్టె ఉచితము కాదు. దినమునకు 450 రూపాయల చొప్పున 12,600 చెల్లించితిని. నన్ను పలుకరించు సలహాదారుడును లేడు.

ఫలితము మీరూహించునదియే. 29వ దినమున పెట్టె రాలేదు. కంచము ముందు కూర్చుండి, నెలదినములు ఓర్చుకొన్నవాని అధికారముతో, 420 గ్రాములకు తక్కువ కాకుండ తింటిని. రెండు నెలలు తిరుగులోగా రెండు కిలోలు మరల వచ్చి చేరినవి. త్రాసు మూలనున్నది, దానిమీద దుమ్ము పట్టినది. పాఠశాలకు రుసుము కట్టి, పుస్తకము విప్పక పరీక్ష వ్రాయబోయినవాని గతి నాకు పట్టినది.

అప్పుడు నా భార్యయే మార్గము చూపినది. అటకమీద నుండి పాత స్టీలు క్యారేజీని దించి, దాని నాలుగు గిన్నెలను బల్లమీద పరచి, “ఆ డబ్బా కొలతలే ఇందులో పెడదాం. వంట మాత్రం మనదే” అనెను. క్యారేజీ మనకు క్రొత్తదా? ఆఫీసుకు, మిల్లుకు, రైలుకు అందులోనే కదా మన తండ్రులు తిన్నది. గిన్నె పరిమితియే కొలత. మరొకసారి వడ్డించుకొను వీలు అందులో లేదు. క్రింది గిన్నెలో 150 గ్రాముల అన్నము; దానిపై చిక్కని పప్పో, ఉలవలో; తక్కిన రెండు గిన్నెలు పూర్తిగా కూరలు. పనసపొట్టును, అరటికాయ ఆవకూరను, కంద బచ్చలిని తిరిగి తినుచున్నాను. అయితే నూనె మారినది. ముగ్గురుండు మాయింట నెలకు నాలుగు లీటర్లు, అనగా మనిషికి దినమునకు 40 గ్రాములు పోయుచుంటిమి. జాతీయ పోషకాహార సంస్థవారి 2024 నాటి మార్గదర్శకములలో 2,000 కేలరీల భోజనమునకు 27 గ్రాములు చాలునని యుండుట చూచి, నెలకు రెండున్నర లీటర్లే కొనుచున్నాము. కొన్నది అయిపోయిన పిమ్మట మరల కొనము. ఆ మార్గదర్శకములలోనే కూరగాయలు దినమునకు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు అని యున్నది. నా పాత కంచములో కూర నూరు గ్రాములు దాటిన దినము అరుదు.

ఉదయమున చోడి అంబలి. 40 గ్రాముల చోడిపిండిని రాత్రియే నీటిలో కలిపి పులియబెట్టి, ప్రొద్దున్నే కాచి, చల్లారిన పిదప పలుచని మజ్జిగ పోసి, నాలుగు ఉల్లిపాయ ముక్కలు, ఒక పచ్చిమిరపకాయతో త్రాగుదును. తోడుగా ఒక గ్రుడ్డో, గుప్పెడు ఉలవ గుగ్గిళ్ళో. ఆ చోడిపిండి విలువ 130 కేలరీలకు మించదు, మధ్యాహ్నము వరకు ఆకలి తెలియదు. నూరు గ్రాముల చోళ్ళలో 364 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. ధాన్యములలో దానికి సాటి లేదు. అంబలి యనుకొని చోడిపిండిలో బెల్లము గుమ్మరించి త్రాగువారు మాత్రము అది పానకమని గ్రహింపవలెను. మాంసాహారులకు నెత్తళ్ళ పులుసు పనీరుకంటె చౌక. మూత్రపిండ వ్యాధి యున్నవారు చోళ్ళను, పప్పులను సైతము వైద్యుడు చెప్పిన మేరకే తినవలెను.

పైడితల్లి సిరిమానోత్సవపు మంగళవారమున మాయింట పదునెనిమిదిమంది చుట్టములు భోజనము చేసిరి. ఆనాడు క్యారేజీ అటకమీదనే యున్నది. నేనును అందరితో తింటిని. మరునాడు త్రాసు కిలో ఎక్కువ చూపినది. బుధవారము నుండి మామూలు క్యారేజీ, ఆదివారమునకు ఆ కిలో లేదు. పండుగనాడు తిన్నది నీటిగాను, ఉప్పుగాను వచ్చి పోవును. పండుగ మరునాడు తిన్నదే నిలిచిపోవును.

క్యారేజీ పట్టిన పది నెలలకు నా బరువు 76 కిలోలు, నడుము 93 సెంటీమీటర్లు. మనవంటి దక్షిణాసియా పురుషులకు 90, స్త్రీలకు 80 దాటరాదందురు గనుక నాకింకను మూడు సెంటీమీటర్లు మిగిలియున్నవి. గంటస్తంభము నుండి మూడు లాంతర్ల వరకు ఆగకుండ నడచుచున్నాను.

పెట్టెభోజనమును కొనవలదని నేను చెప్పను. వంటచేయువారు లేనివారికి, కొలత యేమో కంటితో చూడనివారికి నాలుగు వారముల పాఠముగా అది పనికివచ్చును. అట్లు కొనదలచినచో మూడు వందల రూపాయల త్రాసు నొకదానిని ముందుగా కొనుడు. ప్రతి పెట్టెను తినుటకు ముందు తూచి, నోటుపుస్తకములో వ్రాసికొనుడు. మొదటి పెట్టె విప్పిన దినముననే గోడమీది క్యాలెండరులో ఆఖరి పెట్టె రాబోవు తేదీకి సున్న చుట్టి, దాని మరునాటి గడిలో, ఆ ప్రొద్దున మీ యింట పొయ్యిమీద ఏమి వండుదురో, ఎన్ని గ్రాములు వడ్డించుకొందురో, ఇంటివారితో కూర్చుండి వ్రాయుడు.